ఎనిమిదో జత

జనవరి, రెండో వారం

ప్రియమైన మడతక్కా,

నువ్వు వెళ్ళాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఫోన్ చేస్తే "ఆఁ? ఏమన్నావు?" అనడం తప్ప నీకేమీ వినబడదు. ఇరవై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీ యంత్రాల పక్కన నిలబడిన చెవులు మరి. అందుకే రాస్తున్నాను.

ముందు మంచి వార్త. స్టాటిస్టిక్స్ పాసయ్యాను. మార్కులు అడగకు. నోటీసు బోర్డులో నా నంబరు చూసుకుని, కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని పక్కనున్న అమ్మాయి చేత ఇంకోసారి చూపించుకున్నాను. "ఉందండీ, ఉంది" అని ఆవిడ విసుక్కుంది.

సోషియాలజీ డిగ్రీకి ఏమేం కావాలో ఆఫీసు గుమాస్తా ఒక్కొక్కటే చదివి చెప్పాడు. సిద్ధాంతాల పేపర్లు రెండూ అయ్యాయి. పరిశోధన పద్ధతులు అయింది. నేను ఎంచుకున్నవి కుటుంబం, పని, నగరం. అవీ అయ్యాయి. వేరే డిపార్ట్‌మెంటు నుంచి ఒకటి తప్పనిసరి అంటే మొక్కల శాస్త్రం తీసుకున్నాను కదా, ఆకులు గీసి గీసి అదీ గట్టెక్కాను. మిగిలింది ప్రాజెక్టు ఒక్కటే. సొంతంగా ఒకచోట మనుషుల్ని గమనించి, వాళ్ళతో మాట్లాడి, రాయాలి. దాని మీద వైవా ఉంటుంది. అంతే, డిగ్రీ.

చిక్కు ఏమిటంటే, చేరిన ఆరేళ్ళలో అన్నీ పూర్తిచెయ్యాలని రూలు. ఈ వేసవికి నాకు ఆరేళ్ళు నిండుతాయి. ఏప్రిల్ నెలాఖరుకి ప్రాజెక్టు ఇవ్వకపోతే పాత పేపర్లేవీ చెల్లవు, రెండుసార్లు రాసిన స్టాటిస్టిక్స్‌తో సహా. మన ఆస్పత్రిలో రోగుల సహాయ కౌంటర్ తెరుస్తున్నారు. లోపలి సిబ్బందికే మొదటి అవకాశం, కానీ డిగ్రీ ఉండాలి. ఇదంతా నీకు తెలిసిందే. "కౌంటర్లో కూర్చుంటే కాళ్ళకి విశ్రాంతి, నోటికి పని" అన్నది నువ్వే.

ప్రాజెక్టు మన లాండ్రీ మీదే. మా మేడమ్, అంటే నా గైడు, నాకంటే పదేళ్ళు చిన్నది, మొదట ఒప్పుకోలేదు. "మీరు పనిచేసే చోటు మీకెలా కనబడుతుంది?" అంది. అప్పుడు చెప్పాను. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల కాదు, మడవడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరినీ ఎవరూ కలపరు. కొత్తగా చేరినవాళ్ళు గలీబుల బల్ల దగ్గర ఒంటరిగా దిండు గలీబులు మడుస్తుంటారు. ఒకరోజు ఎవరో వచ్చి దుప్పటి రెండు కొసలు చేతిలో పెడతారు. అంతే, ఇక వాళ్ళు జత. భోజనం కలిసే, సెలవు కలిసే. జతలో ఒకరు వెళ్ళిపోతే రెండోవాళ్ళు మళ్ళీ గలీబుల బల్లకే రావాలి. మనంతట మనం వెళ్ళి అడగకూడదు, ఎవరో పిలవాలి. ఇది ఏ కాగితం మీదా లేదు, తెలియనివాళ్ళూ లేరు.

మేడమ్ పెన్ను కింద పెట్టి, "ఇది రాయండి" అంది.

ఎనిమిది జతల గురించి రాస్తానని ఒప్పుకున్నాను. ఏడు జతలు ఇక్కడున్నాయి. ఎనిమిదోది మనది. ప్రాజెక్టులో ఉన్న ప్రతి మనిషీ, తన ఇష్టంతోనే ఇందులో ఉన్నానని సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ జతను తీసెయ్యాలి. నీ ఫారం ఈ కవర్లోనే ఉంది. వెంటనే పంపు. భుజం ఎలా ఉంది?

ఇట్లు,
నువ్వు పేరు పెట్టిన
కాలేజీ


జనవరి, నెలాఖరు

ప్రియమైన కాలేజీ,

పాసయ్యావా, పక్కవాళ్ళది చూశావా? సరే, ఏదైతేనేం. మా తమ్ముడికి చెప్తే "మీ లాండ్రీలో లెక్కలొచ్చినవాళ్ళు కూడా ఉన్నారా?" అన్నాడు. నువ్వొచ్చినప్పుడు వాడి సంగతి చూడు.

భుజం అలాగే ఉంది. చెయ్యి చెవి దాటి పైకెత్తొద్దన్నాడు డాక్టరు. జుట్టు దువ్వుకోవడానికి తల వంచుతున్నాను, చెయ్యి ఎత్తడంలేదు. అలవాటైంది.

తమ్ముడి కుట్టు దుకాణంలో నాకు కౌంటరు ఇచ్చారు. కొలతలు రాస్తాను, గుండీలు కుడతాను. గుండీల డబ్బా నా రాజ్యం, నా అనుమతి లేకుండా ఎవరూ మూత తియ్యకూడదు. మరదలు గుడ్డ కత్తిరిస్తుంది. మంచి పిల్లే. కాస్త ఎక్కువ మంచిది. నేను కుర్చీలోంచి లేస్తే చాలు, "కూర్చోండి వదినగారూ, కూర్చోండి" అంటుంది. కూర్చోబెట్టి మరిచిపోయే బొమ్మలా అయ్యాను.

గోడ పక్కన కత్తిరించే బల్ల ఉంది. మన మడతల బల్ల కంటే పొడుగు. వెడల్పు గుడ్డ పరిచేటప్పుడు మరదలు అటు చివరికీ ఇటు చివరికీ పరిగెడుతుంది. నేను చూస్తూ కూర్చుంటాను.

మన ఇస్త్రీ బాబాయి ఇంకా రేడియోతో వాదిస్తున్నాడా?

ఇంతకీ ఇప్పుడు నువ్వు ఎవరితో మడుస్తున్నావు? అది రాయలేదు.

ఇట్లు,
మడతక్క


ఫిబ్రవరి, మూడో వారం

ప్రియమైన మడతక్కా,

బాబాయి రేడియోతో వాదిస్తూనే ఉన్నాడు. రేడియోదే పైచెయ్యి.

ఏడు జతలతోనూ మాట్లాడటం అయిపోయింది. ఇంటర్వ్యూ అనేసరికి అందరూ కొత్త మనుషులైపోయారు. రోజూ నా డబ్బాలోంచి చెయ్యిపెట్టి తినేవాళ్ళు, రికార్డరు చూడగానే "మేము పరస్పర సహకారంతో పనిచేస్తాము" అన్నారు. రికార్డరు ఆపాక అసలు మాటలు వచ్చాయి. "అయ్యో, ఇప్పుడు మళ్ళీ చెప్పండి" అంటే "ఏం చెప్పాం?" అంటారు.

కిటికీ పక్క జత నీకు గుర్తుందిగా, మాట్లాడుకోనివాళ్ళు. ఇప్పటికీ మాటల్లేవు. దుప్పటి మాత్రం ఒక్కసారి జారలేదు. ఎందుకు విడిపోలేదని ఒకావిడని అడిగాను. "మాట్లాడేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు, కొస లాగి పట్టేవాళ్ళు దొరకరు" అంది. రెండో ఆవిడని విడిగా అడిగాను. "ఆవిడేమంది?" అని నన్నే అడిగింది. మూడుసార్లు అడిగింది.

నాలుగో అధ్యాయం చిత్తుప్రతి పంపుతున్నాను. జత చెదిరితే ఏమవుతుందన్నది దాని విషయం. గలీబుల బల్ల గురించి మూడు పేజీలు రాశాను. అక్కడికి వచ్చినవాళ్ళు మామూలుగా కొద్ది వారాల్లో పిలుపు అందుకుంటారని పాత మనుషులందరూ చెప్పారు, అదే రాశాను.

నేను ప్రస్తుతం పరిశీలనలో ఉన్నాను కదా, హాలంతా కనబడే చోటు చూసుకున్నాను. పనికి ఇబ్బందేమీ లేదు.

ఫారం పంపడం మరిచిపోయినట్టున్నావు. పంపు.

ఇట్లు,
కాలేజీ


మార్చి, మొదటి వారం

ప్రియమైన కాలేజీ,

చదివాను. మరదలు కూడా చదివింది. అర్థంకానిచోట నన్ను అడిగింది, నాకు అర్థంకానిచోట ఇద్దరం వదిలేశాం.

బాగుంది. ఎక్కడా గొప్పలు పోలేదు. కానీ నన్ను "ఎనిమిదో జత, రెండో వ్యక్తి" అన్నావేమిటే? ఇరవై ఏళ్ళు నీ ఎదురుగా నిలబడ్డాను. నీకు తుమ్ము వస్తుందని నీకంటే ముందు నాకు తెలిసేది. చివరికి రెండో వ్యక్తినా? మొదటి వ్యక్తి నువ్వేనన్నమాట.

మా దుకాణంలో ఒక పెద్దమనిషి కోటు కొలతలిస్తూ పొట్ట లోపలికి పీల్చాడు. "వదలండి, రేపు కోటుకి ఊపిరాడదు" అన్నాను. తమ్ముడు లోపలికెళ్ళి నవ్వుకుని వచ్చాడు. ఆయన పొట్ట వదిలాడు.

ఎవరితో మడుస్తున్నావు? రెండోసారి అడుగుతున్నాను.

ఇట్లు,
రెండో వ్యక్తి


మార్చి, మూడో వారం

ప్రియమైన మడతక్కా,

పేర్లు రాయకూడదు అక్కా. రూలు అది. రేపు మన లాండ్రీ పర్యవేక్షకుడు చదివి "ఫలానా ఆవిడ నా గురించి ఇలా అందా" అని ఎవరినీ పట్టుకోకూడదని పెట్టారు. కృతజ్ఞతల పేజీలో నీ పేరు మొదట రాస్తాను, సరేనా?

ఫారం పోయిందేమోనని ఇంకోటి పంపుతున్నాను. స్టాంపు అంటించిన కవరు కూడా పెట్టాను. నువ్వు సంతకం పెట్టి, నాలుక తడిపి, అంటించడమే మిగిలింది.

నవ్వులాట కాదు. ఏడు జతల్లోనూ ఎవరూ విడిపోలేదు. విడిపోయిన జత మనదొక్కటే. నువ్వు లేకపోతే నాలుగో అధ్యాయం లేదు, ఎనిమిది జతలు లేవు. ఎనిమిది ఉంటాయని రాసిచ్చాను కాబట్టి ప్రాజెక్టూ లేదు. ఇప్పుడు కొత్త జతని వెతికి మళ్ళీ మొదలుపెట్టే టైము లేదు.

నామీద కోపమొచ్చిందా? వస్తే వచ్చిందని చెప్పు.

ఇట్లు,
కాలేజీ


మార్చి, నెలాఖరు

ప్రియమైన కాలేజీ,

కోపం ఇప్పుడు వచ్చింది.

కూతురి దగ్గరికి వెళ్తూ ఇస్త్రీ బాబాయి దారిలో మా దుకాణానికి వచ్చాడు. చొక్కాకి గుండీ వేయించుకున్నాడు. ఊడిన గుండీ కాదు, తనే తెంపుకున్నట్టుంది, వచ్చేందుకు ఒక వంక. "ఎలా ఉంది మన కాలేజీ?" అన్నాను. గుండీ కుట్టినంతసేపూ రేడియో మీదే ఫిర్యాదులు. లేచేటప్పుడు అసలు సంగతి చెప్పాడు. నేను వచ్చేసిన మర్నాటి నుంచి నువ్వు గలీబుల బల్ల దగ్గరే ఉన్నావట. పొగగొట్టం పక్క ఆవిడ జత జ్వరంతో రాకపోతే నీకు కొసలు ఇవ్వబోయింది, నువ్వు తీసుకోలేదు. మెట్ల దగ్గరివాళ్ళు పిలిచారు, "పరిశీలనలో ఉన్నాను" అన్నావు. భోజనం కూడా అక్కడే, ఒక్కదానివే.

హాలంతా కనబడే చోటు అని రాశావు. గలీబుల బల్ల గోడకి ఉంది కాబట్టి హాలు కనబడుతుంది, నిజమే. నాకు అబద్ధం చెప్పకుండా చెప్పావు. నీ చదువు దీనికి పనికొచ్చిందన్నమాట.

నీ నాలుగో అధ్యాయంలో తప్పుంది. అక్కడికి వచ్చినవాళ్ళు కొద్ది వారాల్లో లేస్తారని రాశావు. నువ్వు లేవలేదు. తప్పు కాగితం మీద నేను సంతకం పెట్టను. లేచావని రాయి, అప్పుడు పెడతాను. లేకపోతే నన్ను తీసెయ్.

మడతక్క


ఏప్రిల్, మొదటి వారం

మడతక్కకి,

నేను ఎక్కడ కూర్చుంటే నీకెందుకు? నువ్వు వెళ్ళిపోయావు. వెళ్ళినవాళ్ళకి ఇక్కడి బల్లల సంగతి దేనికి? ఆరేళ్ళు సాయంత్రం షిఫ్టు వదులుకుని, జీతం కోత పెట్టించుకుని చదివాను. ఆ ఒక్క సంతకం కోసం బేరం పెడతావా?

ఇంకొకరి కొసలు పట్టుకుంటే నువ్వు మళ్ళీ రావని ఒప్పుకున్నట్టే. ఆ మాట నా నోటితో అనిపించాలనుకున్నావు. అన్నాను. ఇప్పుడు పంపు.

కాలేజీ


ఏప్రిల్, మూడో వారం

ప్రియమైన మడతక్కా,

నువ్వు జవాబివ్వలేదు. మంచిపని చేశావు. ఇచ్చి ఉంటే ఇంకో పాపిష్టి ఉత్తరం రాసేదాన్ని.

సోమవారం మేడమ్ దగ్గరికి వెళ్ళాను. సంతకం రాలేదని చెప్పడానికే వెళ్ళాను. ఆవిడ ముందు చిత్తుప్రతి తీసింది. "గలీబుల బల్ల గురించి మూడు పేజీలు రాశారు. బల్ల పొడవు రాశారు, వెలుతురు ఎటునుంచి వస్తుందో రాశారు. ఇప్పుడు దాని దగ్గర ఎవరున్నారో రాయలేదే?" అంది.

"ఎవరూ లేరు మేడమ్, కొత్తగా వచ్చిన ఒకావిడ తప్ప" అన్నాను.

"మరి ఈ మూడు పేజీలూ ఎక్కడ కూర్చుని రాశారు?"

నేను పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను.

"చూసేవాళ్ళు ఎక్కడ నిలబడి చూశారో రాయడం కూడా పద్ధతిలో భాగమే. మీరు ఆ పేపర్ పాసయ్యారు" అంది. కోపంగా అనలేదు. టీ ఇచ్చింది.

మర్నాడు పనిలోకి వెళ్ళాను. ఆ కొత్తావిడ నా ఎదురుగా కూర్చుని ఉంది. నువ్వు వెళ్ళిన నెలలో చేరింది. ఎడంచేతి వాటం. ఆమె మడత అటు తిరుగుతుంది, అందరిదీ ఇటు తిరుగుతుంది. ఒకరిద్దరు పిలిచి చూశారు, దుప్పటి మెలిపడింది, వదిలేశారు. అప్పటినుంచి గలీబులే. నా నోట్సులో ఆమె గురించి పది చోట్ల రాసి ఉంది అక్కా. "పిలుపు రాలేదు." "ఇవాళ కూడా పిలుపు రాలేదు." ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని రాశాను. పిలవడానికి నాకూ రెండు చేతులున్నాయన్నది తట్టలేదు. బల్ల దగ్గరున్నవాళ్ళు బల్ల దగ్గరున్నవాళ్ళని పిలవకూడదని ఎవరూ అనలేదు. ఇప్పటిదాకా ఎవరూ పిలవలేదు, అంతే.

తోపుడు బండిలోంచి ఒక దుప్పటి తీసుకుని వెళ్ళి రెండు కొసలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా వెనక్కి చూసింది, ఇంకెవరికో ఇస్తున్నాననుకుని.

"నాకా?"

"నీకే."

"నాది ఎడంచెయ్యండీ."

"నాది మొండిచెయ్యి. కానివ్వు."

మొదటి దుప్పటి తాడులా మెలిపడింది. రెండోదీ అంతే. ఇస్త్రీ బాబాయి రేడియో ఆపేసి చూస్తున్నాడు. నువ్వు నాకు కొత్తలో చెప్పింది గుర్తొచ్చింది, చేతుల్ని చూడకు, ఎదుటి మనిషి మోచేతుల్ని చూడు అని. చూశాను. మూడోది నేను ఆమె వైపుకి తిప్పాను. ఇరవై ఏళ్ళుగా ఇటే తిరిగిన చెయ్యి, మాట వినడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. భోజనాల వేళకి మా దొంతర మిగతావాళ్ళ దొంతరలో సగం ఉంది. నిటారుగా మాత్రం ఉంది.

తింటూ అడిగింది. "మీరు పెద్ద చదువు చదువుతున్నారట. అయిపోతే కౌంటర్లోకి వెళ్ళిపోతారట కదా?"

"వెళ్తాను" అన్నాను. "నిన్ను ఆ బల్ల దగ్గర వదిలేసి మాత్రం వెళ్ళను. ఎడమకి తిప్పడం ఇంకొకరికి నేర్పి వెళ్తాను."

ఆమె నా డబ్బాలోంచి చెయ్యిపెట్టి తీసుకుంది. అడగలేదు.

నాలుగో అధ్యాయం మళ్ళీ రాశాను. నేను ఎక్కడ కూర్చున్నానో, ఎవరు పిలిస్తే వెళ్ళలేదో, ఎందుకు వెళ్ళలేదో అన్నీ రాశాను. చిత్తుప్రతి కంటే పొడుగైంది. ఇప్పుడందులో తప్పులేదు. నీకు ఇష్టమైతేనే సంతకం పెట్టు. ఇష్టం లేకపోతే నీ మాటలన్నీ తీసేసి ఇస్తాను. వాళ్ళు తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. ఇది బేరం కాదు. ఫారం మీద "నా ఇష్టంతో" అని ఉంది. ఆ మాట నేను ఇన్నాళ్ళూ సరిగ్గా చదవలేదు.

ఇట్లు,
నీ కాలేజీ


ఏప్రిల్, నాలుగో వారం

ప్రియమైన కాలేజీ,

ఫారం ఇందులో ఉంది. ఎక్కడైనా తప్పుంటే నీదే, నేను చుక్కలున్నచోట పెట్టాను.

నీ ఉత్తరం మరదలికి చదివి వినిపించాను. మొండిచెయ్యి దగ్గర నవ్వింది. మధ్యాహ్నం వెడల్పు గుడ్డ ఒకటి వచ్చింది. ఆమె ఎప్పట్లాగే అటు పరిగెత్తబోయింది. నేను లేచి రెండు కొసలు పట్టుకున్నాను. "కూర్చోండి వదినగారూ" అంది. "నువ్వు లాగు" అన్నాను. బల్ల నా నడుమెత్తే ఉంది, భుజంతో పనిలేదు. ఇన్ని నెలలూ నాకా సంగతి తట్టలేదని చెప్పను. తట్టింది. లేవలేదు.

కాబట్టి నువ్వొక్కదానివే అనుకోకు. మీ మేడమ్‌కి ఈ ముక్క చెప్పకు, ఇంకో అధ్యాయం రాయమంటుంది.

వైవాకి వెళ్ళేటప్పుడు ఇస్త్రీ బాబాయి చేత చీర ఇస్త్రీ చేయించుకో. నువ్వు చేస్తే అంచు కాల్చుకుంటావు.

ఇట్లు,
మడతక్క


జూన్, రెండో వారం

ప్రియమైన మడతక్కా,

ఫారం గడువుకి ముందే చేరింది. మేడమ్ పదహారు ఫారాలూ దొంతరగా పెట్టి ఒక్కొక్కటే చూసింది. నీదాని దగ్గర ఆగి, "ఈవిడ అందరికంటే ముందు పెట్టారే" అంది.

సంతకం కింద తేదీ చూశాను. జనవరి. నేను మొదటి ఫారం పంపిన వారం. కాగితం మధ్యలో గుండ్రంగా గుండీ అచ్చు పడి ఉంది, నాలుగు కన్నాలతో సహా. అంటే వచ్చిన రోజే సంతకం పెట్టి, నేను ఎవరితో మడుస్తున్నానో చెప్పేదాకా నీ రాజ్యంలో దాచావు. నేను కొత్త ఫారాలు, స్టాంపులు, శాపనార్థాలు పంపుతుంటే అది గుండీల కింద పడుకుని ఉంది. నన్ను తీసెయ్ అని రాసినప్పుడు కూడా. నిన్నేమనాలో తెలియక మేడమ్ ముందు పిచ్చిదానిలా నవ్వాను.

వైవాలో ఇద్దరు బయటి పరీక్షకులు. పెద్దాయన నాలుగో అధ్యాయం తెరిచి అడిగాడు: "ఎనిమిదో జత చెదిరినట్టా, ఉన్నట్టా? మీరు రెండు వర్గాల్లో దేనిలోనూ వెయ్యలేదు."

"నేను వేసుకున్న వర్గాలు రెండే సర్. ఆ జత రెండింటిలోనూ పట్టలేదు" అన్నాను. "ఇద్దరూ ఇప్పుడు వేరేవాళ్ళతో పనిచేస్తున్నారు. ఒకళ్ళ చెయ్యి ఎలా తిరుగుతుందో రెండోవాళ్ళకి తెలుసు. అంతవరకే నా దగ్గర ఆధారం ఉంది."

ఆయన ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో తలకిందులుగా చదవబోయి పట్టుబడ్డాను.

పాసయ్యాను అక్కా. ఈసారి మార్కులు అడగొచ్చు, చెప్తాను.

కౌంటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. వచ్చే నెల ఇంటర్వ్యూ. ఎడంచేతి ఆవిడకి మెట్ల దగ్గర జతలో ఒకావిడ అప్పుడప్పుడూ కొసలు ఇస్తోంది. ఎడమకి తిప్పడం ఆమెకి రెండు రోజుల్లో వచ్చేసింది. నాకే కాస్త అసూయగా ఉంది.

నిన్న పట్టా తెచ్చుకున్నాను. జనవరిలో పేపర్లన్నీ చదివి చెప్పిన ఆ గుమాస్తానే అట్టముక్కల మధ్య పెట్టి ఇచ్చాడు. నేను అందుకుని, చెయ్యి అలవాటు కొద్దీ, అంచులు కలపబోయాను.

"అమ్మా, అమ్మా, మడవకండి" అని కౌంటరు అవతలి నుంచి లేచాడు. "దీన్ని ఎప్పుడూ మడవకూడదు."

ఇరవై ఏళ్ళలో నా చేతికిచ్చి మడవొద్దన్నది ఇదొక్కటే. బస్సులో ఒళ్ళో నిటారుగా పెట్టుకుని తెచ్చాను. పక్క సీటావిడ అద్దమనుకుని జరిగి కూర్చుంది.

ఆదివారం వస్తున్నాను, దాన్ని తీసుకుని. మరదల్ని కత్తిరించే బల్ల ఖాళీ చేసి ఉంచమను. అటు నువ్వు, ఇటు నేను, రెండేసి కొసలు పట్టుకుని దాన్ని ఊరికే పరిచి చూద్దాం.

ఇట్లు,
మొదటి వ్యక్తి